ఇంగ్లీషు చట్టపు మాటల పుట్టుక: అపోహలు - వాస్తవాలు

అపోహ: భర్త తన బొటనవేలి కంటే లావు లేని కర్రతో భార్యను కొట్టవచ్చన్న ఇంగ్లండు చట్టం నుంచి ‘రూల్ ఆఫ్ థంబ్’ (ఉజ్జాయింపు సూత్రం) వచ్చింది.

వాస్తవం: అలాంటి చట్టమేదీ దొరకలేదు. ఫ్రాన్సిస్ బుల్లర్ అనే జడ్జి ఆ మాట అన్నాడని 1782లో ప్రచారమైంది. జేమ్స్ గిల్‌రే ఆయన్ని ‘జడ్జ్ థంబ్’ అంటూ కార్టూన్ గీశాడు. బుల్లర్ అలా తీర్పిచ్చినట్టు రికార్డు మాత్రం లేదు. పైగా ఆయన పుట్టకముందే, 17వ శతాబ్దపు అచ్చు పుస్తకాల్లో ఈ నుడికారం ఉంది. మనం జానలతో, బెత్తెలతో కొలిచినట్టే బొటనవేలితో ఉజ్జాయింపుగా కొలిచే అలవాటు నుంచి పుట్టిందనుకోవడం సబబు. అలాగని ఆనాటి చట్టం భార్యల పక్షాన ఉందనుకోకండి. భార్యను ‘మితంగా దండించే’ అధికారం పాత చట్టం భర్తకిచ్చిందని ఇంగ్లండు న్యాయకోవిదుడు బ్లాక్‌స్టోన్ 1765లోనే రాశాడు. పుట్టుక కథ కల్పితమే కానీ ఆ హింస నిజం.

అపోహ: ‘బ్లాక్‌మెయిల్’లో మెయిల్ అంటే ఉత్తరం.

వాస్తవం: ఈ ‘మెయిల్’ స్కాట్లండ్ మాట, అర్థం శిస్తు. 16వ శతాబ్దంలో ఇంగ్లండు, స్కాట్లండ్ సరిహద్దుల్లో దోపిడీ ముఠాలు పశువులను తోలుకుపోకుండా ఉండేందుకు రైతులు కట్టిన సొమ్మే బ్లాక్‌మెయిల్. మన భారతీయ న్యాయ సంహితలో ఈ పేరుతో నేరం లేదు. బెదిరించి సొమ్ము గుంజితే 308వ సెక్షన్ చూడాలి.

అపోహ: ‘రీడ్ ద రయట్ యాక్ట్’ అంటే గట్టిగా మందలించడం, అంతే.

వాస్తవం: ఇప్పటి వాడుక అదే. బ్రిటన్‌లో 1715లో అమల్లోకి వచ్చిన ఆ చట్టం కింద నిజంగానే చదివేవాళ్లు. పన్నెండు మంది లేదా అంతకు మించి గుమిగూడి అలజడి చేస్తే, మేజిస్ట్రేటు అక్కడికి వెళ్లి ప్రకటనను బిగ్గరగా చదవాలి. గంట తర్వాత కూడా చెదరకపోతే మరణశిక్ష పడే నేరం. చట్టంలో ఉన్న మాటలనే చదవాలి: చివర ఉండే ‘గాడ్ సేవ్ ద కింగ్’ వదిలేసినందుకు 1830లో ఒక కేసులో ఆ చదవడం చెల్లలేదు.

అపోహ: ‘కంగారూ కోర్టు’ (న్యాయ పద్ధతులు పాటించని బూటకపు విచారణ) అన్న మాట ఆస్ట్రేలియాలో పుట్టింది.

వాస్తవం: తొలి ఆధారాలు 19వ శతాబ్దపు అమెరికావి.

అపోహ: ‘అలిబీ’ అంటే సాకు.

వాస్తవం: లాటిన్‌లో ‘మరోచోట’ అని. అనువాదకులు ఎక్కువగా తప్పేది ఇక్కడే. కలకత్తాలో నేరం జరిగిన రోజు నిందితుడు లాహోరులో ఉన్నాడన్నది, 2024 దాకా మన దేశంలో అమల్లో ఉన్న 1872 సాక్ష్యాధారాల చట్టం 11వ సెక్షన్‌లోని ఉదాహరణ. దాన్ని ‘సాకు’ అని రాస్తే వాదన అబద్ధమని అనువాదకుడే తేల్చేసినట్టవుతుంది. ‘ఘటనా స్థలంలో లేనన్న వాదన’ అని రాయండి. దాన్ని రుజువు చేసుకోవాల్సిన భారం మాత్రం నిందితుడిదే.