మూలన నక్కిన పిల్లి: కొన్ని అపోహలు, వాస్తవాలు

గాయపడిన, జబ్బుపడిన వీధి పిల్లులను చేరదీసి తేరుకునే దాకా చూసుకోవడం నా పని. మందులు రాసేది పశువైద్యులు. వేళకు వేయడం, తినిపించడం, రాత్రిపూట లేచి ఊపిరి లెక్కపెట్టడం నా వంతు. పిల్లుల మీద ప్రాణం పెట్టుకున్నవారి చేతుల్లోనే, తప్పుడు నమ్మకాల వల్ల పోయిన పిల్లులను చాలా చూశాను. నేను తరచుగా వినే మాటలు ఇవి.

అపోహ: గుర్రుమంటోందంటే హాయిగా ఉన్నట్టే.

వాస్తవం: పిల్లి బాధలోనూ గుర్రుమంటుంది. అలా గుర్రుమంటూనే నా ఒడిలో కన్నుమూసిన పిల్లి ఉంది. అందుకే నేను చప్పుడును నమ్మను, ముఖం చూస్తాను. తల భుజాల కంటే కిందికి వాలిందా, కళ్లు సగం మూసుకుపోయాయా, చెవులు పక్కలకు తిరిగాయా, ఒళ్లు నాక్కోవడం మానేసిందా? నిద్రలో ఊపిరి నిమిషానికి 30 సార్లు దాటుతూ ఉంటే వైద్యులకు చెప్పాలి. నోరు తెరిచి రొప్పుతుంటే చెప్పడం కాదు, వెంటనే తీసుకెళ్లాలి.

అపోహ: ఆకలేస్తే అదే తింటుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ పిల్లులను బలితీసుకున్న మాట ఇదే అనిపిస్తుంది నాకు. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును కాలేయం తట్టుకోలేదు. చెవుల లోపలి చర్మం, చిగుళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. కాలేయం దెబ్బతిన్న పిల్లికి తిండి వాసనే వికారం, కాబట్టి ఇంకా తినదు. బొద్దుగా ఉన్న పిల్లికే ఈ ముప్పు ఎక్కువ.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. వారాల తరబడి పస్తులుండి ఎముకల గూడైన పిల్లికి జాలితో ఒకేసారి కడుపునిండా పెట్టేస్తారు. అప్పుడు రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం హఠాత్తుగా కణాల్లోకి వెళ్లిపోతాయి. ఎర్ర రక్తకణాలు చిట్లవచ్చు, గుండె తడబడవచ్చు. అందుకే మొదటి రోజుల్లో వైద్యులు చెప్పిన కొలత ప్రకారం, కొంచెం కొంచెంగా చాలాసార్లు పెట్టాలి. ఆశగా చూస్తున్న పిల్లి ముందు నుంచి గిన్నె తీసేయడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా తీసేయాలి.

తినలేని పిల్లికి మెడ పక్కనుంచి అన్నవాహికలోకి ట్యూబు పెడితే, ఇక దాని పని అయిపోయిందని ఏడుస్తారు. నిజానికి అది బతికించే దారి. ఒక నారింజ రంగు గండుపిల్లికి రోజుకు ఐదుసార్లు, గోరువెచ్చని మెత్తటి ఆహారం సిరంజితో మెల్లగా పంపేదాన్ని. తర్వాత కాసిని నీళ్లు పంపి ట్యూబు కడగాలి, లేకపోతే మూసుకుపోతుంది. తొమ్మిదో రోజు, సిరంజి అంచున మిగిలిన చుక్కను అదే నాకింది. సిరంజి పక్కన పెట్టి కాసేపు ఊరికే దాన్ని చూస్తూ కూర్చున్నాను.

అపోహ: జ్వరంగా ఉంది, పారాసిటమాల్ ముక్క వేస్తే తగ్గుతుంది.

వాస్తవం: వద్దు. చిటికెడు కూడా వద్దు. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది, చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది. ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు. ఇప్పటికే వేసి ఉంటే దాచకుండా, ఎంత వేశారో, ఎప్పుడు వేశారో చెప్పండి. విరుగుడు ఉంది, అది త్వరగా పడాలి.

అపోహ: ఇసుక ట్రేలో కూర్చుని ముక్కుతోందంటే మలబద్ధకమే.

వాస్తవం: గండుపిల్లి అయితే ముందు మూత్రం గురించి ఆలోచించండి. దాని మూత్రనాళం చాలా సన్నం. అది మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగి, ఒకటి రెండు రోజుల్లోనే గుండె ఆగిపోవచ్చు. ఇసుక పొడిగా ఉందా అని చేత్తో తాకి చూడండి. పొడిగా ఉంటే తెల్లవారే దాకా ఆగవద్దు.

అపోహ: ఎఫ్ఐపీ వచ్చిందంటే ఇక అంతే.

వాస్తవం: ఒకప్పుడు నిజంగానే అంతే. పిల్లుల కరోనా వైరస్ ఒంట్లో మార్పు చెంది తెచ్చే ఈ జబ్బుతో పొట్ట నీటితో ఉబ్బిన కూనలను, చేయగలిగింది లేక సాగనంపేవాళ్లం. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో 31 పిల్లులకు జీఎస్-441524 అనే మందు ఇవ్వగా, 26 పిల్లులు 12 వారాల చికిత్స పూర్తిచేశాయి. 84 రోజులు, ఒక్క పూట తప్పకుండా. బరువు పెరిగేకొద్దీ మోతాదు పెంచాలి కాబట్టి తూకం కూడా తప్పదు. రెండు వారాలకే గంతులు వేస్తోందని మందు మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

అపోహ: వెనక కాళ్లు పడిపోయిన పిల్లికి బతుకు లేదు.

వాస్తవం: కొన్నిటి విషయంలో ఆ మాట నిజమే. నొప్పి ఏ మందుకూ లొంగనప్పుడు వైద్యులతో మాట్లాడి కారుణ్య మరణం ఇప్పించాను, అదీ సేవలో భాగమేనని నమ్ముతాను. కానీ కాళ్లు రానంత మాత్రాన ఆ నిర్ణయం తీసుకోకూడదు. చాలా పిల్లులకు కావలసింది మూత్రాశయాన్ని రోజుకు రెండు మూడుసార్లు చేత్తో ఖాళీ చేసేవారు. ఇది వైద్యుల ఎదుట నేర్చుకోవాలి. పొట్ట కింద నీళ్లు నింపిన చిన్న బుడగలా వేళ్లకు తగులుతుంది. గట్టిగా నొక్కితే చిట్లే ప్రమాదం ఉంది, అందుకే ఒత్తిడి మెల్లగా, ఆగకుండా ఉండాలి. మా నల్లపిల్లికి నాలుగేళ్లుగా ఇలాగే చేస్తున్నాను. నేను తువ్వాలు పరుస్తుంటే ముందుకాళ్ల మీద జరుగుతూ తానే వచ్చి నా మోకాలికి ఆనుకుంటుంది.