కొత్త టీవీలో బంతి మసకగా ఎందుకు కనిపిస్తోంది?

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్ళకూ మీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. 55 అంగుళాల 4కె టీవీ ఇంటికి వచ్చిందనీ, సినిమాలు చాలా బాగున్నాయనీ, క్రికెట్ పెట్టగానే మాత్రం బంతి వెనక మసక గీత కనిపిస్తోందనీ, కెమెరా తిరిగినప్పుడు మైదానంలోని గడ్డి అలుక్కుపోతోందనీ రాశారు. మీరు రాసిన లక్షణాలను బట్టి టీవీ చెడిపోయిందని నేను అనుకోను. 4కె అన్నది ఒక బొమ్మలో ఎన్ని చుక్కలున్నాయో చెప్పే మాట. సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయో, ఒక్కొక్క బొమ్మకు ఎంత సమాచారం అందుతోందో ఆ మాట చెప్పదు. ఆట చూసేటప్పుడు ఈ రెండే ముఖ్యం.

ముందుగా చుక్కల లెక్క చూద్దాం. పాత మామూలు ప్రసారంలో అడ్డంగా 720, నిలువుగా 576 చొప్పున ఒక బొమ్మకు నాలుగు లక్షల పైచిలుకు చుక్కలుండేవి. హెచ్‌డీలో 1920, 1080 చొప్పున సుమారు 21 లక్షలు, 4కెలో 3840, 2160 చొప్పున దాదాపు 83 లక్షలు ఉంటాయి. అయితే ఆరోగ్యమైన కన్ను విడదీసి చూడగలిగే కోణం డిగ్రీలో అరవయ్యో వంతు మాత్రమే. 55 అంగుళాల తెర ఎత్తు సుమారు 68 సెంటీమీటర్లు కాబట్టి, దాదాపు ఏడడుగుల దూరం దాటితే హెచ్‌డీ చుక్కలే కంటికి కలిసిపోతాయి. మీ సోఫా పదడుగుల దూరంలో ఉంటే 4కెలోని అదనపు చుక్కలు తెర మీద ఉన్నా మీ కంటికి అందవు. అంగడిలో తెర ముందు మూడడుగుల దూరంలో నిలబడి చూసినప్పుడు కనబడిన తేడా ఇంట్లో కనబడకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఇక కదలిక సంగతి. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి సెకనుకు సుమారు 39 మీటర్లు పోతుంది. బౌలర్ చేతిలోంచి బయలుదేరి బ్యాట్స్‌మన్ దగ్గరకు రావడానికి దానికి అర సెకను చాలు. సెకనుకు 25 బొమ్మలు వచ్చే ప్రసారంలో ఆ ప్రయాణమంతా పన్నెండు బొమ్మల్లో ముగుస్తుంది, ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య బంతి ఒకటిన్నర మీటర్లు జరిగిపోతుంది. 50 బొమ్మలు వస్తే ఆ ఎడం సగానికి తగ్గుతుంది, స్వింగ్ అయిన బంతి వంపును కన్ను పట్టుకోగలుగుతుంది. అందుకే, 25 బొమ్మల 4కె కావాలా, 50 బొమ్మల హెచ్‌డీ కావాలా అని నన్నడిగితే, క్రికెట్‌కు నేను తడుముకోకుండా రెండోదాన్నే ఎంచుకుంటాను. 2012లో 4కె, అంతకన్నా ఎక్కువ చుక్కలుండే 8కె ప్రసారాలకు ప్రమాణం రాసినప్పుడు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ చుక్కలు పెంచడంతో ఆగకుండా సెకనుకు 120 బొమ్మలకు కూడా అందులో చోటిచ్చింది.

ఇక్కడ మీకు ఆశ్చర్యం కలిగించే విషయమొకటి ఉంది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి దూరదర్శన్ రంగుల్లోకి మారింది. అప్పటి ప్రసారంలో సెకనుకు 25 పూర్తి బొమ్మలే ఉన్నా, ఒక్కొక్క బొమ్మను రెండు సగాలుగా, ముందు బేసి గీతలు, తరువాత సరి గీతలు చొప్పున పంపేవారు. ఆ రెండు సగాలూ రెండు వేర్వేరు క్షణాలవి కాబట్టి కదలిక సెకనుకు యాభైసార్లు నమోదయ్యేది. పైగా పిక్చర్ ట్యూబులో ప్రతి గీతా ఒక్క క్షణం వెలిగి ఆరిపోయేది. నేటి పలుచని తెర అలా కాదు, తరువాతి బొమ్మ వచ్చేదాకా ఉన్న బొమ్మను అలాగే నిలిపి ఉంచుతుంది. మన కన్ను బంతితో పాటు కదులుతూ ఉంటుంది, తెర మీది బొమ్మ మాత్రం కదలదు. ఆ తేడాయే కంటిలో మసకగా పడుతుంది. పాత టీవీలో పరుగు నున్నగా కనిపించేదని మీ అమ్మమ్మ అంటే అది వట్టి జ్ఞాపకాల మమకారమనుకోకండి, అందులో భౌతికశాస్త్రం ఉంది.

మన హెచ్‌డీ క్రీడా ఛానళ్ళలో ఆ సగం బొమ్మల పద్ధతి ఇంకా ఉంది. 1080 పక్కన ఐ అనే అక్షరం కనిపిస్తే దాని అర్థం అదే. ఆ సగాలను కలిపి పూర్తి బొమ్మలు చేయడం సెట్‌టాప్ బాక్సు పనో టీవీ పనో అవుతుంది. అది సరిగా జరగకపోతే పరుగెత్తే ఆటగాడి అంచులు దువ్వెన పళ్ళలా చీలిపోతాయి.

గడ్డి అలుక్కుపోవడానికి కారణం వేరు. సెకనుకు 50 బొమ్మల 4కె ప్రసారాన్ని ఏమీ కుదించకుండా పంపాలంటే, చుక్కకు 24 బిట్ల (బిట్ అంటే సమాచారాన్ని కొలిచే అతి చిన్న ప్రమాణం) లెక్కన, సెకనుకు దాదాపు వెయ్యి కోట్ల బిట్లు కావాలి. ఇంటర్నెట్ ద్వారా మీ ఇంటికి చేరేది సాధారణంగా రెండు కోట్ల బిట్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే అయిదు వందల వంతుల్లో ఒక వంతు! ఇంత కుదింపు ఎలా సాధ్యమంటే, ముందు బొమ్మతో పోల్చి మారని భాగాన్ని మళ్ళీ పంపకుండా, మారినదాన్నే పంపుతారు. వార్తలు చదివేవారి వెనక గోడ మారదు కాబట్టి అక్కడ పని తేలిక. సిక్సర్ వెంట కెమెరా తిరిగినప్పుడు గడ్డిపోచ నుంచి జెండాలు ఊపే జనం దాకా ఒక్కసారిగా అన్నీ మారిపోతాయి. అప్పుడు బిట్లు చాలక సన్నని వివరాలను వదిలేస్తారు, గడ్డి పచ్చరంగు ముద్ద అవుతుంది. బిట్లు చాలని 4కె కంటే బిట్లు నిండుగా ఉన్న హెచ్‌డీ బాగుండడం ఇందువల్లనే. యాప్‌లో నాణ్యత ఆటో మీద ఉంటే వైఫై మందగించినప్పుడల్లా బొమ్మ ఇంకా దిగజారుతుంది. వీలైతే రూటర్ నుంచి టీవీకి కేబుల్ లాగించండి.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. ముందు బాక్సు వెనక చూడండి. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల తీగ ఉంటే అందులోంచి పాత మామూలు బొమ్మ తప్ప హెచ్‌డీ రాదు, హెచ్‌డీఎంఐ తీగ పెట్టండి. ఆ తరువాత టీవీలో పిక్చర్ మోడ్ వివిడ్ మీద ఉంటే స్టాండర్డ్‌కు మార్చి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. అది ఎక్కువైతే ఆటగాళ్ళ చుట్టూ తెల్లని అంచు గీస్తుంది. నాయిస్ రిడక్షన్ ఆపేస్తే మిగిలిన గడ్డి వివరమైనా దక్కుతుంది. మోషన్ స్మూతింగ్ వంటి పేరుతో ఉండే సదుపాయం రెండు బొమ్మల మధ్య లేని బొమ్మను ఊహించి చేరుస్తుంది. 25 బొమ్మల ప్రసారానికి కొంత ఉంచవచ్చును గాని, 50 బొమ్మలు వస్తున్నప్పుడు దానిని ఆపేయమనే నా సలహా, ఎందుకంటే బ్యాటు దగ్గర బంతిని అది ఒక్కోసారి మాయం చేస్తుంది.

టీవీకి పెట్టుకునే స్టిక్ ద్వారా చూస్తుంటే మరొక్కటి గమనించండి. అది సెకనుకు 60 బొమ్మలకు కుదిరి ఉంటే, వచ్చిన 50లో పదింటిని రెండేసిసార్లు చూపవలసి వస్తుంది, కెమెరా తిరిగినప్పుడు కుదుపు కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో మ్యాచ్ ఫ్రేమ్ రేట్ అనేది ఉంటే ఆన్ చేయండి. లేకపోతే అదే మ్యాచ్‌ను సెట్‌టాప్ బాక్సు ద్వారా ఒక ఓవర్, స్టిక్ ద్వారా ఒక ఓవర్ చూసి, ఏది నున్నగా ఉందో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య