గింజ కోసం కాని జొన్న

బయోగ్యాస్ అనగానే పేడే గుర్తొస్తుంది. నిజానికి పేడ అంత సత్తువ ఉన్న ముడిసరుకేమీ కాదు. మేతలోని శక్తిలో చాలాభాగాన్ని పశువు ముందే వాడేసుకుంటుంది, బయటికొచ్చేది అరగని పీచూ నీళ్లూ. టన్ను జారుడు పేడ నుంచి రమారమి 25 ఘనమీటర్ల బయోగ్యాస్ వస్తే, టన్ను మొక్కజొన్న సైలేజీ (పచ్చి పంటను ముక్కలు చేసి గాలి తగలకుండా పాతరేసిన మేత) నుంచి 200 ఘనమీటర్లు వస్తుంది. ఈ తేడా చూసే జర్మనీలో రైతులు గ్యాసు కోసమే పంట వేయడం మొదలుపెట్టారు. 2004లో అక్కడి ప్రభుత్వం పంటల గ్యాసుతో తీసిన కరెంటుకు అదనపు ధర ప్రకటించాక మొక్కజొన్న విస్తీర్ణం ఎంత పెరిగిందంటే, కొత్త ప్లాంట్లలో వేసే సరుకులో మొక్కజొన్న, ధాన్యపు గింజలు కలిపి 60 శాతం మించకూడదని 2012లో చట్టమే చేయాల్సి వచ్చింది.

ఒకే పంటను ఏటా అదే పొలంలో వేస్తే ఏమవుతుందో రైతులకు వేరే చెప్పక్కర్లేదు. మొక్కజొన్నకైతే దానికంటూ ఒక వేరుపురుగు ఉంది. అమెరికా నుంచి 1990లలో యూరప్‌కు చేరింది. దాని పిల్లపురుగులకు మొక్కజొన్న వేర్లే ఆహారం, జొన్న వేర్ల మీద అవి బతకలేవు. ప్రత్యామ్నాయంగా జొన్న మీద చూపు పడటానికి ఇదొక కారణం. అంతకన్నా పెద్ద కారణం నీరు.

రెండూ సి4 మొక్కలే, అంటే ఆకు రంధ్రాలను సగం మూసుకుని కూడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను గట్టిగా పట్టుకోగలవు. కిలో ఎండు పదార్థం తయారుచేయడానికి గోధుమకు 500 లీటర్ల దాకా నీరు పడితే, వీటికి 300 లీటర్లకు అటూఇటూ సరిపోతుంది. అసలు తేడా వాన ముఖం చాటేసినప్పుడు బయటపడుతుంది. మొక్కజొన్నకు పూత సమయంలో నీరు అందకపోతే పైన పుప్పొడి రాలిపోతున్నా కింద కంకి పీచు బయటికి రాదు, కంకి గొడ్డుపోతుంది. మొక్కజొన్న సైలేజీలో శక్తి సగం దాకా కంకిలోనే ఉంటుంది కాబట్టి గ్యాసు కోసం వేసినా ఆ దెబ్బ తప్పదు. జొన్న అలా కాదు. ఆకుల్ని చుట్టేసుకుని, పెరుగుదల ఆపి, వానొచ్చేదాకా కాచుకుని ఉంటుంది. వాన పడ్డాక ఆగినచోటి నుంచే మళ్లీ సాగుతుంది. కాండం మీద వేలితో గీస్తే తెల్లటి పొడి అంటుకుంటుంది చూశారా, అది మైనం. నీరు ఆవిరైపోకుండా మొక్క కప్పుకున్న పూత అది.

చలికి మాత్రం జొన్న బొత్తిగా ఆగదు. ఈశాన్య ఆఫ్రికాలో పుట్టిన మొక్క మరి. నేల 12 డిగ్రీలైనా వేడెక్కనిదే విత్తనం సరిగ్గా మొలవదు. మొక్కజొన్న గింజలో పదో వంతు బరువుండే చిన్న విత్తనం, తొలి వారాల్లో నత్తనడక. ఆ లోపు కలుపు పైచేయి సాధిస్తుంది. తొలి నెల కలుపు ఆపలేని వాళ్లు ఈ పంట జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

గ్యాసు కోసం వేసే రకాలు గింజ జొన్నలా ఉండవు. నడుమెత్తు మొక్క, బరువైన కంకి ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. చొప్పే పంట. పగటి పొడవును బట్టి పూతకొచ్చే రకాలను పగళ్లు పొడుగ్గా ఉండే ప్రాంతాలకు తీసుకెళ్తే, పగలు కురచయ్యే దాకా పూతకు రాకుండా ఆకు మీద ఆకు వేస్తూ నాలుగు మీటర్లు దాటి పెరుగుతాయి. సూడాన్ గడ్డితో సంకరం చేసిన రకాలు ఇంకో తరహా. సన్న కాండం, కోసిన కొద్దీ పిలకలు. తీపి జొన్న కాండంలోనైతే చెరకులా రసం ఉంటుంది.

పంట ఎత్తు చూసి గ్యాసు లెక్క కడితే మోసపోతాం. నాలుగు మీటర్ల కాండం నిటారుగా నిలబడాలంటే దానికి లిగ్నిన్ కావాలి. కణగోడల్లో సెల్యులోజ్ పోగుల మధ్య చేరి గట్టిపడే పదార్థం ఇది. గ్యాసు తయారయ్యే తొట్టిలోని, అంటే డైజెస్టర్‌లోని సూక్ష్మజీవులు సెల్యులోజ్‌ను విరగ్గొట్టగలవు కానీ, గాలి లేనిచోట లిగ్నిన్‌ను దాదాపు ఏమీ చేయలేవు. పైగా లిగ్నిన్ చుట్టుకున్న సెల్యులోజ్ వాటికి అందదు. మొక్క ముదిరేకొద్దీ ఎకరానికి టన్నులు పెరుగుతాయి, టన్నుకు వచ్చే గ్యాసు తగ్గుతుంది. కిలోకు కిలో చూస్తే జొన్న నుంచి వచ్చే మీథేన్ (బయోగ్యాస్‌లో మండే భాగం) మొక్కజొన్నకంటే పది శాతం అటూఇటూ తక్కువగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

దీనికి విరుగుడు 1970లలోనే కనిపించింది. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో జొన్న విత్తనాలకు రసాయనాలు పట్టించి మార్పులు తెస్తే, కొన్ని మొక్కల్లో ఆకు నడిమి ఈనె తెల్లగా కాక గోధుమరంగులో వచ్చింది. లిగ్నిన్ తయారీలో పనిచేసే ఎంజైములు దెబ్బతిన్నాయనడానికి ఆ రంగే గుర్తు. ఈ రకాలు పశువులకు బాగా అరుగుతాయి, డైజెస్టర్‌కూ అంతే. కాకపోతే లిగ్నిన్ తగ్గిన కాండం ఈదురుగాలికి తట్టుకోలేదు. పడిపోయిన పంటను యంత్రం సరిగ్గా ఎత్తలేదు, ఎత్తినా మట్టితో సహా ఎత్తుతుంది. ఆ మట్టంతా డైజెస్టర్ అడుగున పేరుకుంటుంది.

ఎప్పుడు కోయాలన్నది కూడా ఇలాంటి బేరమే. మొక్కలో ఎండు పదార్థం 28 నుంచి 32 శాతం ఉన్నప్పుడు కోసి, ముక్కలు చేసి, గాలి చొరకుండా తొక్కించి పాతరేయాలి. పరికరమేమీ లేకుండా అంచనా వేసే పద్ధతి ఒకటుంది. ముక్కలను గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిండి వదలాలి. వేళ్ల సందుల్లోంచి రసం కారితే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. ముద్ద మెల్లగా విచ్చుకుంటే సమయం వచ్చినట్టు. వదలగానే పొడిపొడిగా రాలిపోతే ఆలస్యమైనట్టు, ఎంత తొక్కించినా లోపల గాలి మిగిలి బూజు పడుతుంది. పచ్చిగా పాతరేస్తే చక్కెరలన్నీ అడుగున రసంగా కారిపోతాయి. తీపి జొన్నతో ఇంకో చిక్కు. ఆ చక్కెర మీద ఈస్టు పడి సారాయి చేసేస్తుంది. డైజెస్టర్‌కు చేరితే సారాయి కూడా మీథేన్ అవుతుంది కాబట్టి అది పూర్తి నష్టం కాదు. పాతర తెరిచినప్పుడు ఆవిరైపోయినంతే నష్టం.

డైజెస్టర్‌ను ఉక్కుతోనో కాంక్రీటుతోనో కట్టిన ఆవు పొట్ట అనుకోవచ్చు. సుమారు 40 డిగ్రీల వెచ్చదనంలో కొన్ని జీవులు పీచును చక్కెరలుగా, కొన్ని ఆ చక్కెరలను ఆమ్లాలుగా మారుస్తాయి. చివర్లో ఆర్కియా అనే అతి పురాతన జీవులు వాటి నుంచి మీథేన్ తీస్తాయి. ఆమ్లాలు చేసేవి చురుకు, మీథేన్ చేసేవి నిదానం. మేత ఎక్కువైతే ఆమ్లం పేరుకుని మొత్తం వ్యవస్థే ఆగిపోతుంది. పైగా మీథేన్ జీవులకు నికెల్, కోబాల్ట్ వంటి లోహాలు లేశమాత్రంగానైనా ఉండాలి. ఒట్టి జొన్నే వేస్తూ పోతే నెలల తరబడి బాగానే నడిచి, ఆ లోహాలు తగ్గాక గ్యాసు పడిపోతుంది. వాటిని పూడ్చేది పేడే. అందుకే పేడ, పంట కలిపి వేసే ప్లాంట్లు నిలకడగా నడుస్తాయి.

లేత జొన్న తిని పశువులకు నాము తగలడం రైతులకు తెలిసిందే. లేత మొక్కలో, ఎండదెబ్బ తిన్నాక వచ్చే పిలకల్లో ఉండే ధురిన్ నుంచి సైనైడ్ పుట్టడమే అందుకు కారణం. కోతకొచ్చేసరికి అది బాగా తగ్గుతుంది, పాతరలో ఇంకొంత పోతుంది. డైజెస్టర్‌కు దీనివల్ల పెద్దగా ఇబ్బంది ఉండదు.

ఇంతకీ ఎంత వస్తుంది? హెక్టారుకు 12 టన్నుల ఎండు పదార్థం పండిందనుకుందాం. కిలోకు 300 లీటర్ల చొప్పున, బూడిద భాగం తీసేస్తే, సుమారు 3,400 ఘనమీటర్ల మీథేన్. ఘనమీటరుకు 10 యూనిట్ల శక్తి. ఇంజిన్ అందులో 40 శాతాన్ని కరెంటుగా మారిస్తే 13 వేల యూనిట్ల పైచిలుకు, మిగతాదంతా వేడి. అదే హెక్టారులో సౌర ఫలకాలు పరిస్తే ఏడాదికి 5 లక్షల యూనిట్లు తేలిగ్గా దాటుతాయి. కాబట్టి కేవలం కరెంటు యూనిట్ల కోసమైతే జొన్న వేయడం దండగ. కాకపోతే సూర్యుడు లేని రాత్రిపూట, గాలి ఆగిన వారంలో పాతరలోని జొన్న పనికొస్తుంది. గ్యాసును శుద్ధి చేసి లారీలకు ఇంధనంగానూ వాడొచ్చు. ప్రధాన పంట కోశాక ఖాళీగా ఉండే పొలంలో, మొక్కజొన్న ఎండిపోయే నేలల్లో దీనికి చోటుంది. గింజలు పండే మంచి నేలను తప్పించి వేస్తే మాత్రం నేను సమర్థించను.

ఇంకో లెక్క కూడా చూడాలి. వందేళ్ల కాలానికి లెక్కేస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ప్లాంటులో కొద్ది శాతం కారిపోయినా ఈ శ్రమ వల్ల వాతావరణానికి దక్కే మేలు చాలావరకు చెల్లిపోతుంది. గ్యాసు తీశాక మిగిలే స్లర్రీని మూతలేని గుంటలో వదిలేస్తే అక్కడా మీథేన్ పుడుతూనే ఉంటుంది. దాన్ని మూసి నిల్వచేయాలి. పంట నేల నుంచి తీసుకున్న భాస్వరం, పొటాష్ దాదాపు అంతా ఆ స్లర్రీలోనే ఉంటాయి. నత్రజని కూడా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం మొక్క వెంటనే తీసుకోగల అమ్మోనియం రూపంలో. పొలంలో పోసి అలాగే వదిలేస్తే అది అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. కొన్ని గంటల్లోపే మట్టిలో కలియదున్నితే ఆ మేరకు ఎరువు ఖర్చు తగ్గుతుంది.