రూట్ చేయని ఫోన్‌కూ అదే శిక్ష: బ్యాంకు యాప్‌ల గొడవ ఎక్కడ మొదలైంది?

కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ తీసేసి, లీనేజ్‌ఓఎస్ లాంటి కస్టమ్ రోమ్ (బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్) వేసుకున్న ఫోన్లలో బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు తెరుచుకోవట్లేదన్న గోల మళ్లీ మొదలైంది. 2025 మేలో గూగుల్, ఫోన్ నమ్మదగినదో కాదో యాప్‌లకు చెప్పే తన ‘ప్లే ఇంటెగ్రిటీ’ తనిఖీని బిగించింది. ఆండ్రాయిడ్ 13, ఆపై వెర్షన్లలో ఫోన్ నమ్మదగినదే అనిపించుకోవాలంటే, హార్డ్‌వేర్‌లో భద్రంగా ఉండే కీతో సంతకమైన రుజువు చూపాలి. కస్టమ్ రోమ్ వేయాలంటే బూట్‌లోడర్‌ను, అంటే ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ను లోడ్ చేసే ప్రోగ్రామ్‌ను, అన్‌లాక్ చేయాలి. అలా చేసిన ఫోన్ ఆ పరీక్ష నెగ్గలేదు. దాంతో తిట్లన్నీ గూగుల్‌కే పడుతున్నాయి. మన దేశంలో మాత్రం ఈ కథను మలుపు తిప్పింది అంతకు నాలుగేళ్ల ముందు రిజర్వ్ బ్యాంకు రాసిన ఒక వాక్యం.

2021 ఫిబ్రవరి 18న డిజిటల్ చెల్లింపుల భద్రతపై ఆర్‌బీఐ మాస్టర్ డైరెక్షన్ ఇచ్చింది. ఫోన్ రూట్ అయిందేమో (అంటే సిస్టమ్‌పై పూర్తి అధికారం తెరుచుకుందేమో) యాప్ ముందే చూసుకుని, రూట్ అయి ఉంటే పనిచేయకుండా ఆగిపోయేలా కోడ్ పెట్టడం సాధ్యమేమో పరిశీలించాలని అందులో ఉంది. పరిశీలించమంది, అంతే. కస్టమ్ రోమ్ ఊసు ఆ వాక్యంలో లేదు. కానీ ఆడిట్ వాళ్ల ముందు ‘పరిశీలించాం, వద్దనుకున్నాం’ అనే ధైర్యం ఏ బ్యాంకు అధికారికి ఉంటుంది? ఆపేస్తే పోయేదేముంది, నలుగురు కస్టమర్లు తప్ప!

అసలు చిక్కు అక్కడే వచ్చింది. బూట్‌లోడర్ అన్‌లాక్ చేయడం, వేరే ఓఎస్ వేయడం, రూట్ చేయడం మూడూ వేర్వేరు పనులు. లీనేజ్‌ఓఎస్ రూట్ లేకుండానే వస్తుంది. ఎవరి ఫోన్ రూట్ అయిందో, ఎవరిది కాలేదో విడదీసి చూసే శ్రమ లేకుండా, గూగుల్ ఇచ్చే తీర్పునే వాడుకోవడం యాప్ తయారీదారులకు సులువైంది. ఆ తీర్పు చెప్పేది ఫోన్‌లో గూగుల్ సర్టిఫికెట్ ఉన్న ఓఎస్ ఉందా లేదా అని.

ఫలితం విచిత్రంగా ఉంది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్‌లో ఆండ్రాయిడ్ 10 ఉండి, ఏళ్ల తరబడి సెక్యూరిటీ ప్యాచ్ అందకపోయినా ఈ పరీక్ష పాసవుతుంది. అదే ఫోన్‌కు పోయిన నెల ప్యాచ్‌తో లీనేజ్‌ఓఎస్ వేస్తే ఫెయిల్. ఇంకా దారుణం, పరీక్ష దాటడానికి ఫోన్‌ను రూట్ చేసే మ్యాజిస్క్ లాంటి టూల్స్ కావాలి. అంటే రూట్ అక్కర్లేనివాళ్లు కూడా బ్యాంకు యాప్ కోసమే రూట్ చేస్తున్నారు. ఆ తర్వాత ఎక్కడో లీకైన కీబాక్స్ ఫైలు (వేరే ఫోన్ల హార్డ్‌వేర్ కీలున్న ఫైలు) వెతుక్కోవాలి. గూగుల్ దాన్ని రద్దు చేసిన రోజున మళ్లీ టెన్షన్.

బ్యాంకుల వాదనలోనూ కొంత పస ఉంది. రూట్ అయిన ఫోన్‌లో ఒక యాప్ దాచుకున్న డేటాను, రూట్ అనుమతి దొరికిన ఇంకో యాప్ చదవగలదు. పైగా 2017 జులై నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, మోసం జరిగితే తప్పు కస్టమర్‌దేనని నిరూపించాల్సింది బ్యాంకే.

అయితే వేరే దారి లేదనడం సరికాదు. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో గ్రాఫీన్‌ఓఎస్ అనే ఇంకో కస్టమ్ ఓఎస్ వేశాక బూట్‌లోడర్‌ను తిరిగి లాక్ చేయొచ్చు. ఆ ఫోన్‌లో నడుస్తున్నది ఏ ఓఎస్సో, ఎవరూ మార్చని అసలుదేనో కాదో ఆండ్రాయిడ్‌లోనే ఉన్న హార్డ్‌వేర్ అటెస్టేషన్ చెబుతుంది. గూగుల్ తీర్పు అవసరం లేకుండానే బ్యాంకు దాన్ని సరిచూసుకోవచ్చు. యాప్ తయారీదారులు ఏం చేయాలో ఆ ప్రాజెక్టు వాళ్లే రాసిపెట్టారు కూడా. బ్యాంకులు చేయాల్సిందల్లా గ్రాఫీన్‌ఓఎస్ కీలను తమ అనుమతి జాబితాలో చేర్చడం. లీనేజ్‌ఓఎస్ వాడేవాళ్లకు మాత్రం ఈ దారి పెద్దగా పనికిరాదు. వాళ్ల ఫోన్లలో చాలావాటికి వేరే ఓఎస్ వేశాక బూట్‌లోడర్ మళ్లీ లాక్ చేసే వీల్లేదు. వాళ్లకు మిగిలేది బ్రౌజర్‌లో నెట్ బ్యాంకింగ్, లేదంటే జేబులో రెండో ఫోన్.