హౌస్ అంటే ఒకప్పుడు నిజంగా ఇల్లే

శనివారం పొద్దున్న కాలవగట్టు మీద స్కూలు బస్సు కోసం నిలబడ్డ పిల్లల్ని చూడండి. అమలాపురమైనా, పాలకొల్లయినా నాలుగు రంగుల టీషర్టులే. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు. "నీది ఏ హౌస్ రా?" అంటే ఊరి పేరు చెప్పినంత ఠక్కున చెబుతారు. ఆ హౌస్‌లో ఏం చేస్తారంటే మాత్రం కాసేపు బుర్ర గోక్కుని, "స్పోర్ట్స్ డే ఉంటుందండి" అంటారు.

మొదట్లో హౌస్ అనే మాట రంగుకి కాదు, ఇంటికే. ఇంగ్లండులో ఈటన్ స్కూలు 1440లో పెట్టారు. రాజుగారి ఖర్చు మీద చదివే 70 మంది బడిలోనే ఉండేవారు. డబ్బు కట్టి చదివే మిగతావాళ్లు ఊళ్లో ఇళ్లు చూసుకునేవారు. ఆ ఇళ్లు నడిపిన ఆడవాళ్లని 'డేమ్'లు అనేవారు. కాలేజీ చదువుకి కాకినాడ వెళ్లి, తెలిసినావిడ ఇంట్లో గదీ భోజనం కుదుర్చుకున్న మన పాతతరం వాళ్లకి ఇదేం వింతగా ఉండదు. రానురాను ఆ ఇళ్లు మాస్టర్ల చేతికొచ్చాయి. హౌస్ మాస్టర్ అలా పుట్టాడు. అన్నం పెట్టడం, జ్వరమొస్తే చూడటం ముందు. పోటీలు, కప్పులు తర్వాత.

1828లో రగ్బీ స్కూలుకి హెడ్మాస్టరుగా వచ్చిన థామస్ ఆర్నాల్డ్, చిన్నవాళ్ల మంచిచెడ్డల బాధ్యత పెద్ద క్లాసు కుర్రాళ్ల మీద పెట్టాడు. అంతకుముందూ ఉన్న పద్ధతే గానీ, దాన్ని నడవడికతో గట్టిగా ముడిపెట్టింది ఆయన. ఇందులో చెడ్డా లేకపోలేదు. చిన్నవాళ్ల చేత బూట్లు తుడిపించుకోవడం, చాకిరీ చేయించుకోవడం అప్పట్లో అక్కడి బళ్లలో మామూలే. దానికి 'ఫ్యాగింగ్' అని పేరు కూడా ఉంది. కుర్రాడి చేతికి పెత్తనమిచ్చి మాస్టారు నిద్రపోతే ఏ దేశంలోనైనా అంతే.

పెద్ద పిల్లలు చిన్నవాళ్లని చూసుకోవడం మాత్రం మనకి ఇంగ్లండు నుంచి రాలేదు. వీధిబళ్లలో పిల్లలు ఇసకలో అక్షరాలు దిద్దేవారు. మద్రాసులో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ అది చూసి తన బడిలోనూ పెట్టాడు, పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకి పాఠాలు చెప్పించాడు. 1797లో దాని మీద లండన్లో పుస్తకం అచ్చేశాడు. అక్కడ దాన్ని 'మద్రాసు పద్ధతి' అన్నారు.

మన దేశంలో డబ్బున్నవాళ్ల బడి అంటే డూన్ స్కూలు. 1935లో తెరిచిన ఆ బడికి మొదటి హెడ్మాస్టరు ఆర్థర్ ఫుట్ ఈటన్లో పాఠాలు చెప్పి వచ్చినవాడే. అక్కడొక హౌస్ పేరు హైదరాబాద్.

మన పల్లెల పిల్లల దాకా అసలైన హౌస్‌ని తెచ్చింది నవోదయ. 1985-86లో మొదలైన ఈ హాస్టలు బళ్లలో ఆరో క్లాసులో చేరతారు, నూటికి 75 సీట్లు పల్లెటూళ్లకే. పాత తూర్పుగోదావరికి పెద్దాపురం, పాత పశ్చిమానికి పెదవేగి. రెండూ మెట్టలోనే. హౌసులకి కొండల పేర్లు: అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. వరిచేలూ కొబ్బరిచెట్లూ తప్ప గుట్టన్నది కనపడని కోనసీమ కుర్రాడు రాత్రికి రాత్రి నీలగిరివాడైపోతాడు!

మా పెద్దమ్మ కొడుకు అలా వెళ్లినవాడే. మొదటి రాత్రి ట్రంకు పెట్టె మీద కూచుని ఏడుస్తుంటే తొమ్మిదో క్లాసు అన్న వచ్చాడట. ఓదార్చలేదు. దోమతెర నాలుగు కొసలూ ఎలా కట్టాలో చూపించి, "పొద్దున్నే నీళ్ల దగ్గర లైనుంటుంది, నా వెనకే నిలబడు" అన్నాడు. మా అన్నయ్య తొమ్మిదికొచ్చాక ఇంకొకడికి దోమతెర కట్టాడు. ఆ సీనియర్ పేరు ఇప్పటికీ చెబుతాడు. ఆ ఏడు ఏ హౌస్‌కి కప్పొచ్చిందంటే గుర్తు లేదు.

ఇంటి నుంచి వచ్చిపోయే బళ్లు ఈ పద్ధతిలో పేరూ, రంగూ, పాయింట్లూ తీసుకుని ఇంటిని వదిలేశాయి. అలాగని అది ఉత్తదే అనలేం. 1970లో మనస్తత్వ శాస్త్రవేత్త హెన్రీ టాజ్‌ఫెల్ అచ్చేసిన ప్రయోగాల్లో, ఏ పసా లేని కారణంతో జట్లు విడదీసినా కుర్రాళ్లు తమ జట్టు వైపే మొగ్గారు. రంగుకి ఆపాటి బలం ఉంది. మన ఊళ్లలో పిల్లలు బడికి రాకముందే ఏ పేటవాళ్లో తేలిపోయి ఉంటారు. అడ్మిషన్ నంబరు వరసన హౌస్ పడితే ఒక్క పేట పిల్లలు నాలుగు జట్లలోకి వెళతారు. తల్లిదండ్రులు అడిగారని మార్చిన చోట ఆ కాస్త లాభమూ పోతుంది.

పోటీ ముదిరితే గొడవే. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షరీఫ్ అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త నడిపిన పిల్లల క్యాంపులో గొడవ ఒక జట్టు జెండాని ఇంకో జట్టు తగలబెట్టే దాకా వెళ్లింది. ఆగిపోయిన నీళ్ల సరఫరా లాంటి చిక్కుల్ని ఇద్దరూ కలిసి తీర్చాల్సి వచ్చాకే మెత్తబడ్డారు. ఆలస్యంగా వచ్చినవాడికి పాయింట్లు కోసి, "నీవల్లే పోయాయిరా" అని హౌసంతా వాడి మీద పడేలా చేసే బళ్లు ఈ సంగతి చూసుకోవాలి.

సాయంత్రం నాలుగున్నరకి మా వంతెన దగ్గర బస్సు ఆగుతుంది. ఎర్ర టీషర్టు పదో క్లాసు అమ్మాయి ముందు దిగి, లారీలు పోయేదాకా చెయ్యి అడ్డం పెడుతుంది. వెనకాల ఇద్దరు చిన్నవాళ్లు, ఒకడిది ఎరుపు, ఒకడిది పసుపు. ఇద్దరి వాటర్ బాటిళ్లూ ఆమె భుజానే ఉంటాయి.