రానున్నారా, రానన్నారా?

పిల్లలారా,

నల్లగొండ నుంచి మీ తాత దీవెనలు. ఫోనులో మీరు రాసేవన్నీ చదువుతుంటాను. ఒక మాట చెప్పాలి, ఓపికగా చదవండి.

‘డాక్టరు గారు రేపు రానున్నారు.’ ‘డాక్టరు గారు రేపు రానన్నారు.’ రెండింటికీ తేడా ఒక్క కొమ్ము. అది జారిపోతే దేవరకొండ అవతల తండాలో ముసలాయన ఇంట్లోనే ఆగిపోతాడు. లేని కొమ్ము చేరితే చార్జీలు పెట్టుకుని వచ్చి, ఊరికే తిరిగిపోతాడు.

పత్తికీ బత్తాయికీ మందు కొట్టే రోజుల్లో రైతుల గ్రూపుల్లో ఎన్ని మెసేజీలో! ‘లీటరు నీళ్లకు 2 మి.లీ.’ అనడానికి ‘2 లీ.’ అని పడితే భయం లేదు, ఏ రైతైనా ఇట్టే పట్టేస్తాడు. ‘పూత మీద కొట్టవద్దు’ అనేది ‘కొట్టవచ్చు’ అయితేనే ముప్పు. ఫోను తనే మాట అందిస్తుంది, తొందరలో వేలు పక్కదాని మీద పడుతుంది. వాక్యం చూడడానికి చక్కగా ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. తప్పులు పట్టే యాప్‌కూ దొరకదు, అదీ సరైన తెలుగు మాటే కదా! తోటలో తేనెటీగలు చచ్చాక గానీ తెలియదు. అర్థం లేని తప్పు కంటే అర్థమున్న తప్పుకే నేను ఎక్కువ భయపడతాను.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే కళ్లు, కాళ్లు, కల్లు దాదాపు ఒకటే. అమ్మమ్మకు నొప్పి ఎక్కడో మళ్లీ ఫోన్ చేసి అడగాలి.

అయితే ‘వస్తుండు’, ‘గట్లనే’ అని రాస్తే తప్పని ఎవరన్నా అంటే నమ్మకండి. అది మన యాస. తెలంగాణలో కవులే లేరన్న మాటకు మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో ‘గోల్కొండ కవుల సంచిక’ తెచ్చి జవాబిచ్చారు. మన మాటకు మనం సిగ్గుపడే పనే లేదు. కానీ యాసలో రాసినా ఒత్తు ఒత్తే, దీర్ఘం దీర్ఘమే.

మన భాషలో ఔనో కాదో తేలేది ఎక్కువగా వాక్యం చివర్లోనే. పంపే ముందు ఆ చివరి మాటను పైకి చదవండి, అంకెలు రెండుసార్లు చూసుకోండి. తప్పు వెళ్లిపోయిందా, గుట్టుగా తుడిచేసి ఊరుకోవద్దు. ‘పైన వద్దు అని ఉండాలి’ అని మళ్లీ రాయండి. ముందే చదివి మందు కలుపుకుంటున్నవాళ్లకు అది చేరాలి.

ఉంటాను.
మీ తాత