రైతు అనగానే ‘వచ్చాడు’ ఎందుకు? భాషలో ఆడా మగా: అపోహలు - వాస్తవాలు

పత్రికా డెస్క్‌లో కాపీ దిద్దడం నా పని. కొత్తగా చేరిన సబ్‌ఎడిటర్ల నుంచి తరచూ వినే మాటలివి.

అపోహ: మాటల్లో ఆడా మగా సమానత్వం చూడటం ఇంగ్లిష్ వాళ్ల గొడవ. తెలుగుకు సంబంధం లేదు.

వాస్తవం: ఇంగ్లిష్ క్రియకు ఆడా మగా తేడా లేదు. మన క్రియకు ఉంది. ‘వచ్చాడు’ అంటే మగవాడు. ‘వచ్చింది’ అంటే ఆడమనిషి కావచ్చు, ఆవు కావచ్చు, బస్సూ కావచ్చు. మహత్తు (మగవాళ్లను చెప్పే మాటలు), అమహత్తు (మిగతావి) అని బళ్లో చదివాం కదా, ఏకవచనంలో స్త్రీ అమహత్తు వైపు పడుతుంది. బహువచనంలో మాత్రం మనుషుల్లో కలుస్తుంది: ఆడవాళ్లు వచ్చారు, ఆవులు వచ్చాయి.

‘రైతు’ అన్న మాటలో లింగం లేదు. అయినా నా దగ్గరికి వచ్చే కాపీలో రైతు ఎప్పుడూ పొలానికి ‘వెళ్లాడు’. నాట్లు వేసే, కలుపు తీసే ఆడవాళ్లు సొంత చేలో పనిచేస్తున్నా ‘కూలీలు’ అయిపోతారు. ఆమె రైతు కావాలంటే ముందు ‘మహిళా’ తగిలించాలి. మందు మన భాషలోనే ఉంది. ‘రైతులు వెళ్లారు’ అంటే సరిపోతుంది. ‘ప్రతి రైతూ తన పాస్‌పుస్తకం తెచ్చుకోవాలి’ అన్న వాక్యంలో ఆడా మగా ఊసే లేదు.

నాకు ఇంకా చిరాకు తెప్పించేది ఒకే వార్తలో ‘భర్త చెప్పారు, భార్య చెప్పింది’ అని రావడం. గౌరవం ఇస్తే ఇద్దరికీ ఇవ్వాలి. ఎడిషన్ టెన్షన్‌లో ఇది నా చేతిలోంచీ జారిపోయింది, ఒకసారి కాదు.

అపోహ: అర్థమైతే చాలు, పదం ఏదైతేనేం?

వాస్తవం: ‘మానభంగం’ అని రాస్తే నేరం చేసింది అతనైనా మానం పోయింది ఆమెది. అత్యాచారం, లైంగిక దాడి అంటే నేరం నేరంలాగే కనిపిస్తుంది. అమ్మాయి గొంతు కోసినవాణ్ని ‘ప్రేమోన్మాది’ అంటాం. అందులో ప్రేమ ఎక్కడుంది? నిందితుడు అనండి చాలు. ‘ఈవ్‌టీజింగ్’ అంటే ఏదో అల్లరి అన్నట్టు ఉంటుంది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు విడుదల చేసిన చేతిపుస్తకం ఆ మాటను వదిలేసి, వీధుల్లో లైంగిక వేధింపులు అనే అర్థమిచ్చే పదం వాడమంది. శీర్షికలో అంత పొడుగు పట్టదని మావాళ్ల గోల. ‘వేధింపులు’ పడుతుందిగా!

అపోహ: ప్రతి ఉద్యోగానికీ స్త్రీలింగ పదం తయారుచేయాలి.

వాస్తవం: ఇక్కడ పరిశోధనలు రెండు వైపులా లాగుతాయి. జర్మన్, డచ్ మాట్లాడే బడిపిల్లలపై చేసిన అధ్యయనం ఒకటి 2015లో వచ్చింది. మగవాళ్ల పనులుగా పేరుపడ్డ ఉద్యోగాలను పురుష రూపంలోనే కాకుండా స్త్రీ, పురుష రూపాలు రెండింటితో చెబితే, ‘ఆ పని మేమూ చేయగలం’ అన్న నమ్మకం పిల్లల్లో పెరిగింది. పోలండ్‌లో మాట వేరు. అక్కడ ఉద్యోగం పేరుకు స్త్రీ రూపం పెట్టిన మహిళా అభ్యర్థిని, పురుష రూపం పెట్టిన మహిళకంటే తక్కువగా లెక్కగట్టారని 2013 నాటి అధ్యయనం తేల్చింది.

అందుకే నేను చేసేది ఇది: ఉద్యోగ ప్రకటనలో ‘అభ్యర్థులు’, ‘ఉపాధ్యాయులు’ అని అందరికీ చెందే మాట. ఒక మనిషి గురించి రాస్తే ఆమె తనను తాను రచయిత అంటే రచయిత, రచయిత్రి అంటే రచయిత్రి. ‘మహిళా కలెక్టర్’ అన్నది కొట్టేస్తాను, ఆ జిల్లాకు తొలి మహిళ అన్నదే వార్త అయితే తప్ప.

అపోహ: ముందు ‘రాష్ట్రపతి’ అన్న మాటను మార్చాలి, అందులో ‘పతి’ ఉంది.

వాస్తవం: 2007లో ప్రతిభా పాటిల్ ఆ పదవిలోకి వచ్చినప్పుడూ ఈ చర్చ జరిగింది. పతి అంటే అధిపతి కూడా. నా మటుకు నాకు అది ఆఖరి పని.

మరి లైన్‌మన్? తెలంగాణలో మహిళలు హైకోర్టుకు వెళ్లి, స్తంభం ఎక్కే పరీక్ష పాసై ఆ ఉద్యోగంలో చేరారు. ‘లైన్‌వుమన్’ అని రాయాలా అన్నది మా డెస్క్‌లో ఇంకా తేలలేదు. పల్లెల్లో లైన్‌మన్‌ను ‘కరెంటాయన’ అనే పిలుస్తారు. వాళ్లకు ‘కరెంటామె’ అనడం ఎంతసేపు?